వార్డుకి వేసిన వైరు

ఆ కంప్యూటరు పెట్టె విప్పుతానంటే విప్పవే కాకాయీ, నేనేం వద్దనను. పద్దెనిమిదేళ్ళుగా మంచం కింద దుమ్ము కొట్టుకుని పడుంది. కాస్త మెల్లిగా, ఆ రేకు అంచు చెయ్యి కోస్తుంది, నాకు రెండుసార్లు కోసింది. ఆఁ, అదే. అడ్డంగా గుచ్చి ఉన్న ఆకుపచ్చ అట్ట. కార్డనేవాళ్ళం దాన్ని. ఇప్పుడంటే మీకు అన్నీ గాల్లోంచి వచ్చేస్తున్నాయి గానీ, అప్పుడు ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుతో మాట్లాడాలంటే ఈ కార్డు లోపల గుచ్చి, దాని వెనక నల్లటి వైరు తగిలించాల్సిందే. నీకివన్నీ చదువులో చెప్పే ఉంటారు. చెప్పలేదా? మరి ఏడాదిన్నరగా కంపాలాలో ఏం నేర్పారే నీకు. సరేలే. అది గుచ్చినవాడు యోసాము కులోబా. నీకు తాత వరసే, నా మొగుడు కాబట్టి. నువ్వు పుట్టిన ఏడాదే పోయాడు, నువ్వు చూడలేదు.

అప్పటికి నా మొగుడు కాదులే. నేను ఆ కొండవాలు ఆసుపత్రిలో టైపిస్టుని, నాకు ముప్ఫై ఎనిమిది. ఈ ముయామాకి ఇంక పెళ్ళేం అవుతుందని మా అమ్మ కూడా అడగడం మానేసింది. ఆయన అక్కడే కరెంటు పని చూసేవాడు. జనరేటరు, మందుల ఫ్రిజ్జు, దీపాలు, అన్నీ. అంతకు ముందు ఎంబాలే బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టుండేది ఆయనకి. పెద్ద పేరు. అంత దూరం బుడుడా కొండల నుంచి కూడా మనుషులు రేడియోలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళట. అలాంటి కొట్టు ఎందుకు మూసేశాడో ఎవరికీ తెలీదు. అడిగితే, "అద్దె పెంచాడు" అనేవాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు, పిలిస్తే పలకడు, పొగరని అందరూ అనుకునేవాళ్ళం. నేనూ అనుకున్నాను, అబద్ధం ఎందుకు. మేట్రన్ నగూది అయితే, "దొరగారికి మూడుసార్లు పిలిస్తే గానీ చూపు తిరగదు" అని మొహం మీదే అనేసేది.

ఇంతలో ఆ కంప్యూటర్లు వచ్చాయి. ఏదో దేశం నుంచి ఎవరో దానంగా పంపించారు, వాళ్ళు వాడి పారేసినవి. ఎనిమిది వస్తే రెండు బతికాయి. ఒకటి కింద ల్యాబులో పెట్టారు, ఒకటి పైన కాన్పుల వార్డులో. రెంటికీ మధ్య నూట ఎనభై గజాలు, అంతా కొండ ఎక్కడమే. అప్పట్లో రక్తం సీసాల్లో దాచుకోవడం ఏం లేదే తల్లీ, ఏ ఊళ్ళో ఎవరిది ఏ గ్రూపో పేర్లు రాసుకుని, అవసరం పడితే మనిషిని పిలిపించడమే. నాలుగొందల పేర్లు నేనే టైపు చేశాను ల్యాబు కంప్యూటర్లో. వార్డులో కావాలంటే పేరూ గ్రూపూ చీటీ రాసి పైకి పంపాలి. ఒకసారి వానలో ఆ చీటీ తడిసి అక్షరం అలుక్కుపోయింది. బి అనుకున్నది బి కాదు. మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి. కాన్పుకొచ్చిన పిల్ల బతికింది, దాని బిడ్డ బతకలేదు. ఆ చీటీ రాసింది నేనే. ఆ తర్వాత చాలా రోజులు అన్నం సయించలేదు నాకు. అందుకే వైరు వేసి రెండు పెట్టెల్నీ కలుపుతామంటే అందరి కంటే ఎక్కువ ఆశపడ్డది నేను.

కంపాలా నుంచి సెమ్వంగా అని ఒక ఇంజనీరు వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి మనిషే. వైరు లాగించాడు, కార్డులు గుచ్చాడు, రెండు రోజులు కూర్చున్నాడు. కాసేపు నడుస్తుంది, ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతుంది. "ఇవి ముసలివండీ, వీటికి కొత్త అలవాట్లు రావు" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. పెద్ద ముగిదె గారు, ఆసుపత్రి అంతా ఆయన చేతిలోనే ఉండేది, శుక్రవారం లారీలో వెనక్కి పంపేద్దాం అన్నాడు. అప్పుడు కులోబా గుమ్మంలో నిలబడి, "నేను చూస్తాను" అన్నాడు. ముగిదె గారు ఆయన్ని కిందా మీదా చూసి, "జనరేటరు అరగంట టకటకా కొట్టుకుంటే పక్కనే కూర్చుని పట్టించుకోలేదు నువ్వు. అది కాలిపోయుంటే? ఇదెలా చూస్తావు?" అన్నాడు. ఈయన వెళ్ళి వైరు చివర చేతిలోకి తీసుకున్నాడు. "సరే, శుక్రవారం దాకా చూడు. కాకపోతే ఆ పెట్టెలతో పాటు నీ సంగతి కూడా తేలుద్దాం" అన్నాడు ముగిదె గారు. సోమవారం అది. నన్ను సాయం ఉండమన్నారు, టైపు చెయ్యాలి కదా.

ఆ చేతులు చూడాలే నువ్వు. పెద్ద మోటు వేళ్ళు, మటోకే అరటికాయల్లాంటివి. ఆ వేళ్ళతో జొన్నగింజంత ప్లాస్టిక్ ముక్కని కార్డు మీది ఒక సన్న మేకు మీంచి ఇంకో మేకు మీదికి మార్చేవాడు. మంగళవారం పొద్దున కార్డు బయటికి లాగి మళ్ళీ గుచ్చి స్విచ్చి వేశాడు. తెర నల్లగా ఉంది. పెట్టె అరవడం మొదలెట్టింది. పొడుగ్గా ఒక కూత, పొట్టిగా రెండు. ఆపదు. వరండాలో రోగులు కూడా తొంగి చూస్తున్నారు. ఈయన మాత్రం తెరకేసి చూస్తూ, "ఏం చెప్పట్లేదు, చచ్చిపోయిందా" అని గొణుక్కుంటున్నాడు. అది ఆయన ముక్కు ముందు గొంతు చించుకుంటోందే. అప్పుడు నాకు అర్థమైంది. జనరేటరూ అర్థమైంది, బస్టాండు కొట్టూ అర్థమైంది. రేడియోలు బాగుచేసేవాడికి చెవులు పోతే ఇంకేం మిగిలిందే?  గట్టిగా చెబితే వరండాలో వింటారు. అందుకని ఆయన మణికట్టు మీద వేలితో కొట్టాను. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. మళ్ళీ ఒకటి, రెండు. ఆయన నా మొహంకేసి చూశాడు.  తర్వాత తల దించుకుని, "తెర కార్డు కదిలుంటుంది, పక్కది గుచ్చుతుంటే లేచింది" అని దాన్ని నొక్కాడు. కూత ఆగింది, వెలుగొచ్చింది. 

తెర బిగుసుకుపోవడం మాత్రం పోలేదు. దాన్ని పట్టుకుంది నేనేనే, గొప్ప కాదు గానీ. మౌసు కదిపినప్పుడల్లా ఆగిపోతోందని చూశాను. ఆయనకి సైగ చేసి చూపించాను. మౌసు పీకేశాడు, చక్కగా నడిచింది. మళ్ళీ పెట్టాడు, బిగుసుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి చెప్పాడు నాకు. పెట్టెలో ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుందిట, దాంతోనే అవి లోపలి పెద్దాయన్ని పిలుస్తాయిట. మౌసుకి మూడు. ఆ ఇంజనీరు కార్డుని కూడా మూడు మీదే వదిలేశాడు. ఒకే నంబరుతో ఇద్దరు పిలిస్తే ఆ పెద్దాయన ఎవరికని పలుకుతాడు, నిలబడిపోతాడు. అంతే సంగతి. రెండు పెట్టెల్లోనూ జొన్నగింజని మూడు మీంచి అయిదు మీదికి మార్చాడు, నేను కూడా అయిదని టైపు చేశాను. ఇంక బిగుసుకుంటే ఒట్టు. బుధవారం అంతా అలా నడుస్తూనే ఉంది. ఆ రోజు మా అమ్మ వండిన మలేవా కూర తెచ్చిపెట్టాను ఆయనకి. వేరుశనగ ముద్ద కలిపి లేత వెదురుకొమ్ములు మా అమ్మ వండినట్టు ఎవరూ వండలేరు, నీ తల్లి వండేది ఉత్త నీళ్ళు. చెప్పకు దానికి.

ఏం లాభం, రెండు పెట్టెలూ విడివిడిగా బాగున్నాయి, ఒకదాని మాట ఇంకోదానికి చేరట్లేదు. గురువారం పొద్దున మీటరు పెట్టి వైరు కొలిచాడు. ఇరవై అయిదు ఓములు చూపాలిట, యాభై చూపిస్తోంది. వైరుకి రెండు చివరలా మూతలుంటాయి, చిన్న ఇత్తడివి. మాట చివరిదాకా వెళ్ళి, మూత లేకపోతే గోడకి కొట్టిన బంతిలా వెనక్కి తిరిగి ఎదురొచ్చే మాటల్ని చెడగొడుతుందిట. వార్డు వైపు మూత లోపల చచ్చిపోయింది. అది ఎంబాలేలో దొరకదు, కంపాలా వెళ్ళి రావాలంటే శుక్రవారం దాటిపోతుంది. నేను దిగాలుపడి కూర్చున్నాను. ఆయన మాత్రం, "లోపల ఉన్నది యాభై ఓముల రెసిస్టరే కదా. వంద రెండు పక్కపక్కన కలిపితే యాభై" అని, తన గదిలో పాత సామాను డబ్బా బోర్లించాడు. వందది ఒకటి దొరికింది. రెండోది లేదు. అన్నీ వెతికాం, నేల మీద కూర్చుని, వాటి మీది రంగుల గీతలు చూసుకుంటూ. లేదు.

ఆయన గదిలో బల్ల మీద ఒక రేడియో ఉండేది. సొంతది, బస్టాండు కొట్టు నాటిది. ప్రతి మధ్యాహ్నం ఒంటిగంట వార్తలకి దాన్ని పెట్టుకుని, కిటికీ తెరిచి, తల ఊపుతూ కూర్చునేవాడు. అటు పోయేవాళ్ళు చూసి వార్తలేంటని అడిగితే, "ఏముంది, మామూలే" అనేవాడు. నేను అంతకు ముందు వారమే ఆ పక్కగా వెళ్ళాను. స్టేషను తప్పిపోయి ఉత్త బుస్సుమంటోంది అది. ఈయన తల ఊపుతున్నాడు. ఆ గురువారం దాని కేసి కొంచెంసేపు చూశాడు. ఇంక, రెండో వందది దీంట్లో ఉందని, స్క్రూడ్రైవరు తీసుకుని వెనకరేకు విప్పాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నా చెయ్యి తీసి పక్కన పెట్టి, "ముయామా, ఇది వినేవాడు ఎవడూ లేడు ఈ గదిలో. నీకు తెలుసు కదా" అన్నాడు. అదే మొదటిసారి నోటితో చెప్పడం. "మంగళవారమే తెలుసు" అన్నాను, పెదాలు కనబడేలా మెల్లిగా. "ఎవరికీ చెప్పలేదేం" అన్నాడు. "చెప్పాల్సొస్తే నువ్వే చెబుతావని" అన్నాను. టంకం వేస్తూ కళ్ళు తుడుచుకున్నాడు, పొగ పడిందన్నాడు. పడే ఉంటుందిలే.

తర్వాత నేను పైకి వెళ్ళాను, ఆయన కింద ల్యాబులో. మేట్రన్ నగూది నా భుజం మీంచి చూస్తోంది. మన లుమసాబా భాషలోనే కొట్టాను, "వినబడుతోందా?" అని. కొట్టాక గానీ తట్టలేదే, ఎవరికి ఏ మాట పంపానో. చెరిపేద్దామంటే వెళ్ళిపోయింది. కాసేపు ఏం లేదు. ఒక్కొక్క అక్షరం వచ్చింది అటునుంచి, ఆ మోటు వేళ్ళకి మీటలు దొరకద్దూ. "విన-బడు-తోంది" అని. మళ్ళీ ఇంకో వరస. "ఇంకేదైనా చెప్పు" అని. నేను వర్షం వచ్చేలా ఉందని చెప్పాను, మేట్రన్ బూట్లు కొత్తవని చెప్పాను. నోటికొచ్చిందల్లా. ఆరేళ్ళ తర్వాతట, దూరాన ఉన్న మనిషి మాట ఆయనకి అందడం. ఆయన ఫోనెత్తేవాడు కాదు కదా పాపం.

శుక్రవారం లారీ వచ్చింది, ఖాళీగా వెళ్ళింది. ముగిదె గారు మెచ్చుకుందామని వస్తే ఈయనే ఎదురెళ్ళి, "అయ్యా, నాకు వినబడదు. జనరేటరు నేను వినలేదు" అని చెప్పేశాడు. ముగిదె గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. జనరేటరు వేరేవాళ్ళకి ఇచ్చి, ఈయన్ని కంప్యూటర్లకి వేశాడు.  ఆ నెలలోనే ఒక పిల్లకి రక్తం కావాల్సొస్తే ఎనిమిది నిమిషాల్లో పేరు దొరికింది, తల్లీ బిడ్డా ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. ఆ తర్వాతి ఏడాది పెళ్ళి మాట కూడా వైరులోనే అడిగాడు, మేట్రన్ నగూది నాకంటే ముందు చదివేసింది. "కొట్టవే, సరేనని కొట్టు, లేకపోతే నేను కొడతా" అని ఒకటే గోల. చెవిటివాడితో ఏం మాట్లాడతావని మా వాళ్ళంతా అన్నారు. ఎనిమిదేళ్ళు రోజంతా మాట్లాడుకున్నామే మేము. ఆసుపత్రిలో ఎవరికీ తెలీదు అన్ని మాటలని.

ఆయన పోయింది ఒక మంగళవారం. నేను పైన ఉన్నాను. అన్నానికి వస్తావా అని కొట్టాను. జవాబు లేదు. టీకి వెళ్ళాడేమో అనుకున్నా. మళ్ళీ కొట్టాను. వైరు ఊడిందేమో, ఎలకలు కొట్టాయేమో అనుకుని కార్డు వెనక చూసుకున్నాను, వైరు చివర మూత చూసుకున్నాను, ఆయన నేర్పినవన్నీ ఒకటొకటీ చూసుకుంటూ కొండ దిగాను, వైరు పొడుగునా చేత్తో తడుముకుంటూ. వైరు బాగానే ఉంది.

ఆ స్క్రూలు గిన్నెలో వెయ్యవే, కోడి మింగేస్తుంది.