దగ్గు పడిన టేపు

వనజాక్షి చనిపోయిన నెలకు, ఆమె పాడిన కావడి పాట టేపు కూడా లేదని ఆమె భర్తకు తెలిసింది. తిరుత్తణి కొండ కింద ఆమె అన్న పెట్టిన క్యాసెట్ల కంపెనీకి బడి నుంచి నేరుగా వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నీ చెల్లెలి గొంతు బావా అది. ఎట్లా చెరిపినావు?”

“నడుమ దగ్గింది మాస్టరూ. మద్రాసు రికార్డు కంపెనీలో అన్నేండ్లు మేనేజరుగా ఉంటిని. దగ్గు పడితే చెరిపేసి మళ్లీ పాడిస్తాం. చెయ్యి దానంతటదే చెరిపే మీట మీదికి పోయింది. ఒళ్లు కుదుటపడినాక పాడిద్దామనుకుంటిని.”

“కుదుటపడిందా?”

బావ బల్లమీది ఖాళీ క్యాసెట్లు సర్దసాగాడు.

“ఆ ఉద్యోగం ఎందుకు వదిలినావు? కొండకు కావడెత్తుకొని పాడే మన తెలుగు పాటలు వద్దన్నారనీ, మనోళ్ల గొంతులు మోటన్నారనీ కదా? అంత రోషంగా వచ్చి సొంత కంపెనీ పెట్టి, నువ్వూ వాళ్ల పనే చేసినావే!”

“తప్పే మాస్టరూ. మంచి గొంతున్నోళ్లతో అదే పాట పాడిస్తా. అట్టమీద చెల్లెలి పేరే వేస్తా.”

“ఎవరి గొంతుకో ఆమె పేరా? నాకు ఆ దగ్గు కూడా కావాల బావా. చివరి రోజులంతా దాన్ని వింటానే పండుకుంటిని.”

మాస్టరు మైకును బావ వైపు తిప్పాడు.

“మీ అమ్మ నేర్పిన పాటే కదా. నువ్వు పాడు.”

“నా గొంతా? ఎవరు కొంటారు?”

“అమ్మేదానికి కాదు. పాడు.”

బావ రికార్డరు ఆన్ చేసి, మైకు ముందు కూర్చుని పల్లవి పాడాడు. చరణం దగ్గర ఆగిపోయాడు. ఆ చరణాలు వనజాక్షికే వచ్చు.

ఆ టేపులో ఇప్పటికీ పల్లవి ఒక్కటే ఉంది.