మూడు సాఫ్ట్‌వేర్లూ చెప్పిన మాట

శ్రీకాకుళంలో ఓ కంప్యూటర్ షాపు. పొందూరు నుంచి వచ్చిన నేతామె తన డెస్క్‌టాప్‌ను మోసుకొచ్చి షాపతని ముందు బల్ల మీద పెట్టింది.

"మళ్లీ వచ్చేవా అమ్మా! కంప్యూటర్లో ఇంకో కంప్యూటరేటి? పాత విండోసు ఈ రోజుల్లో ఎవుడు వాడతాడు?"

"మా అత్త గీసిన సీర అంచులన్నీ పాత ప్రోగ్రాంలో ఉన్నాయి బాబూ. మళ్లీ గీయడానికి ఆవిడ లేదు. అది కొత్త విండోసులో తెరుసుకోదు. అందుకే పాతది లోపల నడిపే వర్చువల్ మెషిన్ పెట్టమన్నాను."

"మూడు రకాల సాఫ్ట్‌వేర్లు మార్సి మార్సి పెట్టాను. ఒక్కటీ లెగలేదు. నీ మిషనుకి అంత సత్తా లేదు. ఇది మగ్గం కాదమ్మా, నీకు తెలీదులే."

"ఆ మూడూ ఏటన్నాయి?"

"అనడమేటి? ఏదో ఎర్రర్ వస్తాది, ఓకే కొట్టేస్తాను."

"సదవకుండానా?"

"ఇంగ్లీషమ్మా అది!"

"నాను ఇంటికాడ తెరిసి సదివాను. మూడూ ఒకటే మాటన్నాయి. మిషను లెగ్గానే ముందొచ్చే బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆపేసి ఉన్నాది, ఆన్ సెయ్యమని. పోగు తెగితే తెగినకాడ ఎతుకుతాం గానీ మగ్గం మార్సెయ్యం బాబూ."

"అంత తెలిస్తే ఇంటికాడే సేసుకోపోయావా?"

"సేద్దును. బయోస్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతన్నాది. నువ్వమ్మిన పెతీ మిషనుకీ పెడతావట కదా, ఇంకో షాపోడు ముట్టుకోకూడదని. కొట్టు మరి."

అతను కీబోర్డు లాక్కుని ఒకసారి కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"గుర్తు రాట్లేదమ్మా."

"ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యి. లోపలున్న బిళ్ల బ్యాటరీ తీసి పెడితే పాస్‌వర్డ్ పోతాదట, అదీ సదివాను. నువ్వు టార్చిలైటు పట్టుకో. అదైనా తెలుసు కదా?"