మునసబు చేతుల జిగురు

ముత్యాలనాయుడని మా ఊరి మునసబు, ఊరు మొత్తానికి ఆయనదే పెద్ద మీసం అనుకోండి. గానుగ సన్నాసమ్మ నూనెకుండ నెత్తినెట్టుకుని ఎదురొస్తే చాలు, "ఛీ, శకునం చెడింది" అని ఇంట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూకుని అప్పుడు బయల్దేరేవాడంట. ఆయమ్మ పాపం ఆ గుమ్మం తప్పించి చుట్టుదారినే పోయేది. ఇంకోటుంది, ఇనండి. తొలి పనసపండు అమ్మోరికి నైవేద్యంగా ఎత్తేదాకా ఊళ్ళో ఎవుడూ తొన ముట్టకూడదు. ఎత్తే రోజు అందరూ అమ్మోరి ముందు అరచేతులు చూపించాలి. జిగురు కనపడితే సగం మీసం గొరిగించడమే. ఈ కట్టు పెట్టింది మునసబే. ఓ ఏడు గౌరేసుకి గొరిగించినాడు కూడాను. ఆడి పెళ్ళాం కడుపుతో ఉండి అడిగిందని పాపం రెండు తొనలు వొలిచి పెట్టినాడు, అంతే.

ఆ మరుసటేడు ఏమైందంటే, అమ్మోరికి ఎత్తే రోజే, మిట్టమధ్యాహ్నం మునసబు తోటలో ఒక్కడూ ఉన్నాడు. పండొకటి మగ్గి గుప్పుమంటోంది. చుట్టూ చూసినాడు, కోసినాడు, తినేసినాడు. ఎవరో కోసి పళ్ళెంలో పెడితే తినడమేగాని, పుట్టి బుద్ధెరిగాక ఆయన పనసపండు కొయ్యలేదు. ముందుగా చేతికి నూనె రాసుకోవాలని ఆయనకేం తెలుసు? జిగురు మోచేతులదాకా పట్టేసింది. పొద్దు వాలితే అందరికన్నా ముందు అరచేతులు చూపించాల్సింది ఆయనే! ఏటికి పరుగెత్తినాడు. కడిగినాడు, పోలేదు. మళ్ళీ కడిగినాడు, పోలేదు. ఇసకేసి తోమితే ఇసకా అంటుకుంది, ఆకులేసి రుద్దితే ఆకులూ అంటుకున్నాయి. మీసం తడుముకుందామంటే దానికీ అంటుకుంటుందని భయమంట.

అప్పుడే సన్నాసమ్మ ఎదురొచ్చింది. "తప్పుకుపోతాను బాబూ" అని ఆవిడ పక్కకి తిరిగితే, "ఉండవే తల్లీ" అన్నాడంట, ఏడుపొక్కటే తక్కువ. ఆ చేతులు చూసి ఆవిడ నవ్వు మింగుకుని, ఏరంతా పోసినా అది పోదు బాబూ, నీళ్ళ జాతి వేరు, జిగురు జాతి వేరు, రెంటికీ పడదు, జిగురూ నూనే అయితే ఒకింటివి, ఇదిగో పట్టండి అని దోసిట్లో నూనె పోసింది. రుద్దుకుంటే జిగురు కరిగి జారిపోయింది. "మరి ఈ జిడ్డో?" అన్నాడంట. "దానికి కుంకుడుకాయి. అది నూనెకీ చుట్టమే, నీళ్ళకీ చుట్టమే. జిడ్డుని చెయ్యి పట్టుకుని నీళ్ళల్లోకి తీసుకుపోతాది" అంది. ఆవిడ కొంగులోంచి తీసిచ్చిన కుంకుడుకాయలతో కడుక్కుంటే మునసబు చేతులు తళతళలాడినాయి. "నీకెలా తెలుసే ఇదంతా?" అంటే, "ఊరందరికీ తెలుసు బాబూ. ఈ నెల్లో నా నూనె ఇంతలా ఎందుకు పోతోందనుకున్నారు?" అంది.

సాయంత్రం మునసబు చేతులు చాపినాడు, ఊరంతా చాపింది. ఒక్కడికీ జిగురు లేదు. "మనూరోళ్ళంత కట్టుబాటు ఎక్కడుంది!" అన్నాడంట, మీసం దువ్వుకుంటా. మర్నాటి నించీ సన్నాసమ్మ ఆయన గుమ్మం ముందునించే నడిచింది. నూనెకుండ ఎదురొస్తే శుభమని మునసబన్నాడు, శాస్త్రంలో ఉందని పంతులూ అన్నాడు. నాకెలా తెలుసంటారా, సన్నాసమ్మ మా నాయనమ్మే కదా. గౌరేసు సంగతా? ఆడి మీసం మళ్ళీ పెరిగిందిలెండి. గొరిగించిన యేడు ఆడింట్లో కూరలోకే నూనె లేదు, చేతికేం రాసుకుంటాడు? ఆడి పెళ్ళాం మాత్రం బతికున్నన్నాళ్ళూ పనస తొన నోట పెట్టలేదు.