కనగానపల్లికి వచ్చిన కొత్త కంప్యూటర్

కనగానపల్లి బ్యాంకు శాఖలో గుమాస్తాగా పనిచేసే రూపకు చూపు లేదు. కొత్త కంప్యూటర్ పార్సిల్‌లో రాగానే, హిందూపురం హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే రాజశేఖర్‌కు ఫోన్ చేసింది.

“అన్నా, కంప్యూటర్ వచ్చినాది. దీన్ని సిద్ధం చేసేకి ఎప్పుడొస్తావు?”

“నేను వచ్చే పనే లేదమ్మా. ఇప్పుడు ఆన్ చేసి నెట్ వైరు తగిలిస్తే చాలు, కావాల్సినవన్నీ వాటంతటవే ఎక్కుతాయి.”

“పోయినసారి నువ్వే వచ్చి అన్నీ ఎక్కిచ్చినావు, తెర మీదుండేది చదివి వినిపించేది మాత్రం మరిచిపోయినావు. ఎనిమిది దినాలు ఊరికే కూచున్నా. నా పని పక్కనోళ్లు చేసినారు.”

“తప్పు నాదేమ్మా. ఆ పొద్దునుంచి మనసులో పెట్టుకోనుండా. అందుకే ఈసారి అన్నిటికన్నా ముందు దాన్నే పెట్టినా.”

“ముందంటే? మొదలుపెట్టేకి నా ఉద్యోగి నంబరు యాడ కొట్టల్లో నాకు ఎవరు చెప్తారు?”

“అదే చెప్తాది. నీకొక్కదానికే కాదు, అన్ని శాఖలకూ అట్లే పెట్టినా. ఆన్ చేసి చూడు.”

“చేసినా. ఉండు... అన్నా, మాట్లాడతాండాది!”

“ఏమంటాండాది?”

“నంబరు కొట్టమంటాండాది.”

“కొట్టు మరి. పక్కన ఎవరన్నా ఉండారా, చూసేకి?”

“ఎవరూ వద్దు. నువ్వు ఫోన్ పెట్టేయన్నా. రెండు గొంతులు ఒకేసారి వినలేను.”