క్రోటన్ మొక్కెక్కి మూడో అంతస్తుకి

అపార్ట్‌మెంట్ గేటు పక్క టీ కొట్టు దగ్గర తోటమాలి బాబాయి నోరు విప్పాడంటే, పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ చూడరు. ఆ పొద్దున ఆయన ఏరికోరి సెక్రటరీ గారికి ఎదురుగా కూర్చున్నాడు. మేడ మీద కొత్తగా వేసే పూలతోట ఎవరి చేతిలో పెట్టాలో సెక్రటరీ ఇవాళే తేల్చేస్తానన్నాడు మరి. ఆ తోటంటే బాబాయికి ప్రాణం. పోటీకొచ్చిన నర్సరీవాళ్ళ మాటెత్తితే ఒళ్ళు మంట.

“ముందు చిన్నదే చెబుతానండీ,” అన్నాడు టీ ఊదుకుంటూ. “మన మురుగునీళ్ళు శుద్ధి చేయడానికి ప్లాంటు కట్టారా, ఆ నీళ్ళు మొక్కలకి పనికిరావన్నారా? నేనూరుకుంటానా! మూడు కుండీల్లో మూడు క్రోటన్లు పెట్టాను. ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో కొబ్బరిపొట్టు, ఒకదాంట్లో ఉత్త ఇసుక. ప్లాంటు దగ్గర కొత్త ఊదారంగు పైపు తిప్పి మూడింటికీ అవే నీళ్ళు పోశాను. ఎర్రమట్టిలోది వారం తిరిగేసరికి నా మోకాలిదాకా వచ్చింది.”

“ఇంతవరకూ నమ్మొచ్చులే,” అంది టీ కొట్టు అక్క.

“నమ్మొచ్చా? అయితే నీకు అసలు సంగతి చెప్పనేలేదన్నమాట! కొబ్బరిపొట్టు నీళ్ళు తాగితే ఓ పట్టాన వదలదు కదా, ఆకు ఒక్కోటి చేటంత అయింది. చేటంతేమిటి, మొన్న వాన పడితే వాచ్‌మనూ, పెళ్ళామూ, పిల్లలూ ఒక్క ఆకు కింద నిలబడ్డారు. ఒక్క చుక్క పడితే ఒట్టు!”

“స్కూటర్ కూడా పెట్టుకున్నారా?” అంది అక్క.

“పెట్టారు, చెప్పడం మరిచాను. ఇక మొనగాడంటే ఇసుకలోది. ఇసుకలో సారముండదు కదండీ, ఉన్న బలమంతా ఆ నీళ్ళదే. నేను పోసి తలెత్తేలోపు మొదటి అంతస్తు బాల్కనీ దాటేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లిఫ్టు ఆగిపోయింది! మూడో అంతస్తు పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులాయె. ‘తాతగారూ, కొమ్మ మీద కూర్చోండి’ అని చెంబుడు నీళ్ళు పోశాను, తీసుకెళ్ళి గుమ్మం ముందు దించింది. పాపం చెప్పులు కిందే మర్చిపోయాడు, ఇంకో చెంబు పోసి అవీ పంపించాను.”

“మరి దిగడమెలాగయ్యా?” సెక్రటరీ నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

“నీళ్ళు ఆపితే వాడిపోయి మెల్లిగా వంగుతుందండీ. బటన్ కూడా నొక్కక్కర్లేదు!”

సెక్రటరీ పకపకా నవ్వాడు. తోట నాదే అనుకున్నాడు బాబాయి. ఇక ఆగుతాడా? “ఇప్పుడది మబ్బుల్లో ఉంది. విమానాలవాళ్ళు కొమ్మలు కత్తిరించమని ఒకటే ఫోన్లు. అంతా ఆ శుద్ధినీళ్ళ మహిమ!”

అప్పుడే రెంచీ చేత్తో పట్టుకుని వచ్చిన ప్లంబరు, స్వయానా బాబాయి మేనల్లుడు, అక్కడే ఆగిపోయాడు.

“మావయ్యా, ఆ ఊదారంగు పైపు నీళ్ళేనా నువ్వు పోసింది?”

“అవునురా, అదే!”

“దానికి ప్లాంటు మోటారు ఇంకా బిగించనేలేదు. లీకులు చూద్దామని మంచినీళ్ళ ట్యాంకుకి కలిపి ఉంచాను. నువ్విన్నాళ్ళూ పోసింది మనం తాగే నీళ్ళే.”

టీ కొట్టు అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సెక్రటరీ ముఖంలో నవ్వు మాయమైంది. “అదా సంగతి! పొద్దున తలకి సబ్బు రుద్దుకుని తిప్పితే కుళాయి బుస్సుమంది. పై అంతస్తులవాళ్ళంతా నన్ను దుమ్మెత్తిపోస్తున్నారు!”

బాబాయి తోట చెయ్యిజారిపోయిందనుకున్నాడు. అయినా నోరు ఊరుకుంటేనా! “చూశారా సార్? ఉత్త మంచినీళ్ళకే ఇంత ఎదిగిందంటే, రేపు అసలు నీళ్ళు తగిలితే ఇంకెంత ఎదుగుతుందో!”

కొట్టంతా గొల్లుమంది. సెక్రటరీ కూడా ఉండబట్టలేక నవ్వేశాడు.

“నీ నోటికో దండం. తోట నీదేనయ్యా. మోటారు బిగించేదాకా మాత్రం ప్లాంటు తొట్టిలోంచి మేడ మీదకి బిందెలతో నువ్వే మొయ్యాలి.”

బాబాయి ముఖం వెలిగిపోయింది. “బిందెలా సార్? నా వయసులో నేను చేతికి మూడేసి, నెత్తిన నాలుగు, పళ్ళతో ఒకటి...”

“రెండు చాలు,” అన్నాడు సెక్రటరీ లేస్తూ. “పద, నేను చూస్తాను.”