అద్దంలో పడే కెమెరా

ఎదుటి స్తంభానికి ప్రభుత్వ కెమెరా బిగిస్తున్న మెకానిక్‌ని చూస్తూ సెలూన్ పెద్దాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“రెండుసార్లు తాళం పగిలిందని అర్జీ పెట్టింది నేనే బాబూ. ఇది తాళాన్నే చూస్తుందా, లోపలి అద్దాన్ని కూడానా?”

“అద్దంలో కనపడేవాళ్లని కూడా చూస్తుంది బాబాయ్ గారూ.”

“ఆ బొమ్మల్ని అవతల కూర్చుని చూసేదెవరు?”

“ఇప్పుడైతే గద్దె మీదున్నవాళ్లు.”

“ఎన్నికలయ్యాక?”

“గద్దె ఎక్కినవాళ్లు.”

“నా దగ్గర రెండు పార్టీలవాళ్లూ గడ్డం గీయించుకుంటూ నోరు జారతారయ్యా! ఎవరెవరు కలిశారో తెలిసిపోదూ? పోనీ, పీకేస్తావా?”

“పీకేస్తా. దొంగ మళ్లీ వస్తే?”

పెద్దాయన తలుపు తాళాన్ని ఓసారి లాగి చూశాడు.

మెకానిక్ నిచ్చెన దిగి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“పనైపోయింది. గడ్డం గీయండి బాబాయ్ గారూ. ఆఁ, ముందు ఈ కుర్చీని అద్దం లేని గోడవైపు తిప్పండి.”