భూపాలపల్లికి ఎగిరిన ఆయిల్ పుల్ల

పరశురాములు మేస్త్రీకి నోట్లో మిర్చి బజ్జీ ఉన్నా మాట ఆగదు. అట్లాంటిది ఆ సాయంత్రం జనగామలో నీలి నడిపే చాయ్ బండి ముందు, బల్ల మీద పూల్‌సింగ్ కారు తాళంచెవి కళ్లెదుట మెరుస్తుంటే ఇంక ఆగుతుందా?

పూల్‌సింగ్‌ది లింగాల ఘనపూర్ అవతలి తండా. ఇరవై ఏండ్లు పరాయివాళ్ల బండ్లు నడిపి, ఈ మధ్యనే పాత టర్బో కారొకటి సొంతంగా కొన్నాడు. కొన్నప్పటి నుంచి అది ఒకటే పొగ. గాలి గొట్టం నిండా ఆయిల్ జిడ్డు. ఎల్లుండి పొద్దున బిడ్డ సౌందర్య భూపాలపల్లి దవాఖానలో నర్సుగా చేరాలి. ఆమెను సొంత కారులో తీసుకపోయి గేటు ముందర దింపాలని ఆయన ఆశ. కారు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోలేక, తాళంచెవి బల్ల మీద పెట్టి, దాని పక్కనే అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

పరశురాములు బండ్ల రిపేరు షెడ్డు ఆ చాయ్ బండికి వెనకే. రెండు నెలలుగా దాంట్లోకి ట్రాక్టర్లు, బోరు మోటర్లు తప్ప కారన్నది తొంగి చూడలేదు. ఎందుకు చూడలేదో ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదని ఆయన ధీమా.

"అన్నా, నీ బండి బీమారి శానా చిన్నది," అని మొదలుపెట్టాడు. "పెట్రోలు కాలినప్పుడు జర గాలి పిస్టన్ పక్కపొంటి కిందికి జారుతది. జారి ఇంజన్ కడుపుల చేరి ఉబ్బుతది. మనకు గ్యాస్ పట్టినట్టే అనుకో. దానికో తొవ్వ చూపియ్యాలె. గొట్టమేసి, ఇంజన్ పీల్చే గాలిలనే మళ్ల కలపాలె. నడుమ ఒక డబ్బా పెడితే ఆయిల్ అండ్లనే ఆగుతది. చిల్పూర్ వివేక్ సారు టర్బో కారుకు నేనే పెట్టిన. మా ఇంటిదాని టిఫిన్ డబ్బా, దాంట్ల గిన్నెలు తోమే స్టీల్ పీచు. గంతే!"

ఇక్కడిదాకా ప్రతి మాటా నిజమే. ఇక్కడ ఆగి ఉంటే తాళంచెవి జేబులో పడేదే. కానీ బల్లకు ఆ కొసన ప్రభాకర్ ఉన్నాడు. పత్తి మార్కెట్లో కాంటా చూసే మనిషి, తూకం తేలందే ఏదీ నమ్మడు.

"ఆ డబ్బాల ఎంత ఆయిల్ పడ్డది?" అన్నాడు.

చెంచాడు పడిందని చెప్పడానికి పరశురాములుకు మనసొప్పలేదు. "మొదటి దినం పావు లీటరు. రెండో దినం ఆరు లీటర్లు."

"ఇంజన్ల పోసేదే నాలుగు లీటర్లు గద?"

"గదే మరి పనితనం! పోసినదానికంటే ఎక్కువ ఎల్లింది. పెట్రోలు ఆవిరి గూడ వాపస్ పోతది గద, జనగామల సగం ట్యాంకుతోని ఎల్లిన, మహబూబాబాద్ చేరేవరకు ట్యాంకు నిండి మూతకెల్లి కారుతున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వాపస్ వచ్చేటప్పుడు టర్బో లేచింది. పట్టాల పక్కపొంటి వస్తుంటే ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటి ఆగి ఉన్నది. అయ్యో పాపం, ఖరాబైందా అని చూసిన. ఖరాబు గాదు, అది గూడ ఉరుకుతనే ఉన్నది! నీలి చెల్లె, ఆ దినం నీ చాయ్ గిదే బల్ల మీద పెట్టి పోయిన. వచ్చి చూస్తే మీగడ గూడ కట్టలే."

"నా చాయ్ల మీగడ ఎన్నడు కట్టింది గనుక?" అంది నీలి, పిడికి గుడ్డ చుట్టిన సన్నటి ఇనుప పుల్లతో కడాయిలో బజ్జీలు తిప్పుతూ.

ప్రభాకర్ నవ్వాడు. పూల్‌సింగ్ నవ్వలేదు. "మేస్త్రీ, ఒక్కటి చెప్పు. టర్బో ఇంజన్‌లకు గాలి ఊదినప్పుడు, ఆ గాలి నీ గొట్టంల పడి ఉల్టా ఇంజన్ కడుపులకు పోదా?"

"భలే అడిగినవ్! అందుకే నడుమ వాల్వు పెడతం. గాలిని ఒక దిక్కే పోనిస్తది. మీద బాణం గుర్తు ఉంటది. నేనైతే కండ్లు మూసుకొని పెట్టేస్త."

పూల్‌సింగ్ చెయ్యి తాళంచెవి మీదికి జరిగింది. తాళంచెవి వెనక్కి పోతోందని పరశురాములు ముందుకు ఒంగాడు. రైలు చాలలేదన్న మాట, ఇంకా పెద్దది కావాలి.

"అసలు ముచ్చట ఇప్పుడు విను! వాపస్ వచ్చి షెడ్డుల బానెట్ ఎత్తి, ఒక్కసారి రేస్ ఇచ్చిన. ఏం తాకత్ అంటవ్! ఇంజన్ల ఆయిల్ ఎంతున్నదో చూసే పుల్ల ఉంటది సూడు, గది తుపాకి గుండు లెక్క లేచింది. షెడ్డు దాటింది, జనగామ దాటింది, వరంగల్ మీదికెల్లి పోయి భూపాలపల్లి బొగ్గు బాయి కాడ దిగింది. దిగిన జాగల కొత్త బొగ్గు పడ్డది!"

"భూపాలపల్లిల పడ్డదని నీకెట్ల ఎరుక?" అన్నాడు ప్రభాకర్.

"ఫోన్ చేసిన్రు. ఇంత తాకత్ ఇంజన్ జనగామల పరశురాములుది తప్ప ఇంకెవలిది ఉంటదని అడుక్కుంట అడుక్కుంట చేసిన్రు."

నీలి బజ్జీలు తిప్పడం ఆపింది. "అన్నా, ఆ పుల్లకు పట్టుకునేదానికి రింగు ఉంటదా?"

"ఉంటది. పసుపు పచ్చ రింగు."

"కొసకు రెండు గీతలు?"

"శభాష్! ఆ రెండు గీతల నడుమ ఆయిల్ ఉండాలె. నీకు గూడ ఎరుకైంది చూడు నా కథ వినవట్టి."

నీలి చేతిలోని పుల్లను కడాయిలోంచి తీసి, దానికి చుట్టిన గుడ్డ విప్పింది. పసుపు పచ్చ రింగు. కొసన రెండు గీతలు.

"రెండు నెలల కింద మీ షెడ్డు దిక్కు నుంచి వచ్చి నా శనగపిండిల పడ్డది. ఏ కొంగనో ఇడిచిందనుకున్న. బూడిదేసి తోమి, బజ్జీలకు పనికొస్తదని పెట్టుకున్న."

ప్రభాకర్ తన చేతిలోని సగం బజ్జీని ఒకసారి, షెడ్డు దిక్కు ఒకసారి చూశాడు. "ఇరవై అడుగులు," అన్నాడు. "మహా అయితే ఇరవై రెండు."

"గదే చెప్తున్న! భూపాలపల్లి పోయి... మళ్ల వాపస్..." పరశురాములు చెయ్యి గాలిలో భూపాలపల్లి దిక్కు నుంచి చాయ్ బండి దాకా వచ్చి ఆగింది.

పూల్‌సింగ్ జేబులోంచి తాను కొనుక్కొచ్చిన కొత్త వాల్వు తీశాడు. ఒక కొసన నోరు పెట్టి ఊదాడు, గాలి పోయింది. తిప్పి ఊదాడు, పోలేదు.

"మేస్త్రీ, బోరు మోటరుకు పెట్టినట్టే కారుకు గూడ వాల్వు పెట్టినవ్ గద? మనకు బాణం ఎప్పుడైనా మోటరు కాడికెల్లి పొలం దిక్కే ఉంటది. నువ్వు టర్బోను మోటరనుకున్నవ్, ఇంజన్‌ను వరి మడి అనుకున్నవ్. ఊదిన గాలంత మడిల పారింది. పుల్ల ఎగరక ఏంజేస్తది?"

కడాయిలో నూనె చిటపటలాడుతోంది. పరశురాములు తల గోక్కున్నాడు, చాయ్ గ్లాసు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఉల్టా పెట్టిన," అన్నాడు చివరికి. "ఆయిల్ కారకుండ ఆపే సీళ్లన్ని పోయినయ్. మూడు దినాలు కూసోని కొత్తయి ఏసి ఇచ్చిన. అయినా సారు మళ్ల రాలే, ఇంకో కారు రాలే."

పూల్‌సింగ్ తాళంచెవిని బల్ల మీద నుంచి ముందుకు నెట్టాడు. "గింతసేపు నువ్వు చెప్పిండ్ల నమ్మబుద్ధయిన మాట గిదొక్కటే. రేపు పొద్దుగాల పని పట్టు. నేను పక్కనే కూసుంట. డబ్బా నువ్వు పెట్టు, బాణం నేను చూస్త. ఎల్లుండి నా బిడ్డ ఆ బండ్ల కూసోవాలె."

"పూల్‌సింగన్నా," అంది నీలి, పుల్లకు గుడ్డ మళ్లీ చుట్టుకుంటూ, "అసొంటి వాల్వు ఇంకోటి ఉంటే ఈయన నోటికి గూడ పెట్టు. చాయ్ లోపలికి పోవాలె, మాట బయటికి రావద్దు."

పరశురాములు దానికో జవాబు చెప్పబోయాడు. గుప్పిట్లో తాళంచెవి గుచ్చుకుంది. ప్లేటులోంచి బజ్జీ తీసి నోట్లో కుక్కుకున్నాడు. ఈసారి మాట ఆగింది.